కంపెనీ మాట ఇచ్చింది సరే, తప్పితే అడిగేదెవరు?

కరాచీలోని అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే బట్టల ఫ్యాక్టరీకి 2012 ఆగస్టులో ఎస్‌ఏ 8000 అనే అంతర్జాతీయ సర్టిఫికెట్ వచ్చింది. అక్కడ పని పరిస్థితులు బాగున్నాయని, భద్రతకు లోటు లేదని ఆ కాగితం అర్థం. కొన్ని వారాలకే, సెప్టెంబర్ 11న, ఆ ఫ్యాక్టరీలో మంటలు రేగాయి. కిటికీలకు ఇనుప ఊచలు, బయటికి వెళ్లే దారులకు తాళాలు. 250 మందికి పైగా చనిపోయారు. ఆ మంట ఎవరో కావాలని పెట్టిందేనని పాకిస్తాన్ కోర్టు 2020లో తేల్చింది. మంట ఎవరు పెట్టినా, అంతమంది బయటపడలేకపోవడానికి కారణం ఆ ఊచలూ తాళాలే. తనిఖీ పట్టుకోవాల్సింది సరిగ్గా వాటినే.

ఆ ఫ్యాక్టరీ సరుకులో ఎక్కువ భాగం కొన్నది కిక్ అనే జర్మన్ దుస్తుల సంస్థ. 2015లో నలుగురు బాధితులు జర్మనీలోని డార్ట్‌మండ్ కోర్టులో ఆ సంస్థ మీద దావా వేశారు. పాకిస్తాన్ చట్టం ప్రకారం దావా వేయాల్సిన గడువు దాటిపోయిందంటూ 2019 జనవరిలో కోర్టు దాన్ని కొట్టేసింది. కొన్న సంస్థకు బాధ్యత ఉందా లేదా అన్న అసలు ప్రశ్న దాకా విచారణ వెళ్లనే లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్ఓ) చొరవతో 2016లో కుదిరిన ఒప్పందం కింద కిక్ 50 లక్షల డాలర్లకు పైగా ఇచ్చింది. ఆ డబ్బు అవసరమైనదే. అయినా కోర్టు నిలబెట్టిన హక్కుగా వచ్చిన డబ్బు కాదది.

ఈ ఒక్క ఉదంతంలోనే రెండు వైఫల్యాలు కనిపిస్తాయి. కంపెనీలు తమంతట తాము పెట్టుకున్న తనిఖీ వ్యవస్థ ప్రాణాలు కాపాడలేదు. చట్టం బాధితుల దాకా రాలేదు. మానవ హక్కుల విషయంలో కంపెనీలను స్వచ్ఛందంగా నడవనివ్వాలా, చట్టంతో కట్టడి చేయాలా అన్న చర్చ యాభై ఏళ్లుగా నడుస్తోంది. దాన్ని అర్థం చేసుకోవడానికి నాకు బాగా ఉపయోగపడిన ప్రశ్న ఒకటుంది. కంపెనీ మాట తప్పితే, దానివల్ల నష్టపోయిన మనిషి ఎవరి దగ్గరికి వెళ్లి ఏమని అడగగలడు? ఏ ఒప్పందానికైనా, ఏ చట్టానికైనా ఈ ప్రశ్న వేసి చూడండి. పేరులో ‘స్వచ్ఛంద’ అని ఉందా, ‘చట్టం’ అని ఉందా అన్నదానికంటే ఇదే ఎక్కువ విషయం చెబుతుంది.

ముందు ఒక గందరగోళం తీర్చాలి. ఈ చర్చ సీఎస్‌ఆర్ (కార్పొరేట్ సామాజిక బాధ్యత) గురించి కాదు. లాభంలో కొంత తీసి బడి కట్టించడం, చెట్లు నాటించడం మంచి పనులే కావచ్చు. కానీ ఇక్కడి ప్రశ్న ఆ లాభం ఎలా వచ్చిందన్నది. భారతదేశం 2013 కంపెనీల చట్టంతో పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలని నిబంధన పెట్టింది. అది తప్పనిసరి నిబంధనే. అయినా ఆ కంపెనీ వల్ల నష్టపోయినవాళ్లకు కంపెనీని ప్రశ్నించే హక్కేదీ దాని నుంచి రాదు.

చట్టం ఎక్కడ ఆగిపోతుంది?

దేశాల్లో చట్టాలు ఉన్నాయి కదా, మళ్లీ ఇదంతా ఎందుకు అనిపించవచ్చు. అంతర్జాతీయ మానవ హక్కుల చట్టం ప్రధానంగా ప్రభుత్వాల మీద బాధ్యత పెడుతుంది. కంపెనీలను అదుపు చేయాల్సింది ఆయా ప్రభుత్వాలు. కంపెనీ ఒకే దేశంలో ఉన్నంతకాలం, ఆ ప్రభుత్వానికి శక్తీ మనసూ ఉన్నంతకాలం ఈ ఏర్పాటు పనిచేస్తుంది. బహుళజాతి సంస్థ దగ్గరికి వచ్చేసరికి తడబడుతుంది.

బయటికి ఒకే పేరుతో కనిపించే సంస్థ, చట్టం దృష్టిలో పదుల కొద్దీ, వందల కొద్దీ వేరు వేరు కంపెనీలు. మాతృసంస్థ ఒక దేశంలో, గని తవ్వే అనుబంధ సంస్థ మరో దేశంలో. ప్రతిదీ చట్టరీత్యా వేరే వ్యక్తి. అనుబంధ సంస్థ చేసిన నష్టానికి మాతృసంస్థ మామూలుగా జవాబుదారీ కాదు. సప్లై చైన్‌లో అయితే ఆ మాత్రం బంధం కూడా ఉండదు. బ్రాండ్‌కూ కుట్టే ఫ్యాక్టరీకీ మధ్య ఉండేది కొనుగోలు ఒప్పందం ఒక్కటే. ధర, గడువు, డిజైన్ అన్నీ బ్రాండ్ నిర్ణయిస్తుంది. ప్రమాదం జరిగితే మాత్రం ఆ ఫ్యాక్టరీ వేరేవాళ్లది.

ఆ తర్వాతి అడ్డంకి ఏ దేశపు కోర్టుకు వెళ్లాలన్నది. 1984 భోపాల్ గ్యాస్ దుర్ఘటన కేసులు మొదట అమెరికాలో వేశారు, ఎందుకంటే యూనియన్ కార్బైడ్ మాతృసంస్థ అక్కడే ఉంది. 1986లో న్యూయార్క్ కోర్టు వాటిని భారత కోర్టులకు పంపేసింది. 1989లో 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. అది ఏ మాత్రం చాలదని బాధితులు దశాబ్దాల పాటు పోరాడారు. పరిహారం పెంచాలని కేంద్ర ప్రభుత్వం చివరి ప్రయత్నంగా వేసిన క్యూరేటివ్ పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2023 మార్చిలో కొట్టేసింది. ప్రమాదం జరిగి అప్పటికి 38 ఏళ్లు దాటాయి.

హామీల చరిత్ర

1970ల్లో కొత్తగా స్వాతంత్ర్యం పొందిన దేశాలు బహుళజాతి సంస్థలకు ఐక్యరాజ్యసమితిలో ఒక ప్రవర్తనా నియమావళి కావాలని పట్టుబట్టాయి. ఏళ్ల తరబడి చర్చలు నడిచి, 1990ల మొదట్లో ఆగిపోయాయి. అప్పటికి విదేశీ పెట్టుబడుల కోసం దేశాలు ఒకదానితో ఒకటి పోటీ పడుతున్నాయి. నియమాలు అడిగే ఓపిక ఎవరికీ లేదు. ఈలోపు 1976లో ఓఈసీడీ (ప్రధానంగా సంపన్న దేశాల కూటమి) మార్గదర్శకాలు, 1977లో ఐఎల్ఓ ప్రకటన వచ్చాయి. ఆ రెండూ కంపెనీలకు చేసిన సిఫార్సులే.

2000లో అప్పటి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ ఆధ్వర్యంలో ఐరాస గ్లోబల్ కాంపాక్ట్ మొదలైంది. మానవ హక్కులు, కార్మికులు, పర్యావరణం విషయంలో కొన్ని సూత్రాలు పాటిస్తామని కంపెనీలు మాట ఇచ్చే వేదిక అది. వేల కంపెనీలు చేరాయి. ఏటా నివేదిక ఇవ్వాలి. ఇవ్వకపోతే జాబితా నుంచి పేరు తీసేస్తారు. అంతకు మించిన శిక్ష లేదు. 2003లో ఐరాస ఉపసంఘం ఒకటి కంపెనీలకు నేరుగా బాధ్యతలు పెట్టే ‘నార్మ్స్’ ముసాయిదాను ఆమోదించింది. వ్యాపార సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. మరుసటి ఏడాదే మానవ హక్కుల కమిషన్ దానికి చట్టపరమైన విలువ ఏమీ లేదని చెప్పి పక్కన పెట్టింది.

ఈ ప్రతిష్టంభన నుంచి బయటపడేందుకు 2005లో హార్వర్డ్ ప్రొఫెసర్ జాన్ రగ్గీని ప్రత్యేక ప్రతినిధిగా వేశారు. ఆయన కృషితో తయారైన 31 మార్గదర్శక సూత్రాలను 2011 జూన్‌లో ఐరాస మానవ హక్కుల మండలి ఏకగ్రీవంగా ఆమోదించింది. ప్రజల్ని కాపాడే కర్తవ్యం ప్రభుత్వాలది, హక్కుల్ని గౌరవించే బాధ్యత కంపెనీలది, నష్టపోయినవాళ్లకు పరిహారం అందే దారి ఉండాలి. సారాంశం ఇంతే. కంపెనీలు తమ వ్యాపారం వల్ల ఎవరికి ఏ హాని జరిగే ప్రమాదం ఉందో ముందే వెతికి, ఆపి, ఆ సంగతి బయటికి చెప్పాలి. దీన్నే డ్యూ డిలిజెన్స్ అంటున్నారు. అంతవరకు కంపెనీలు ఈ మాటను వాడింది తమ డబ్బుకు వచ్చే రిస్క్ చూసుకోవడానికి. రగ్గీ దాన్ని జనానికి వచ్చే రిస్క్ వైపు తిప్పారు. ఆయన చేసిన పెద్ద మార్పు ఇదేనని నేననుకుంటాను.

ఈ సూత్రాలకు సొంతంగా చట్టబలం లేదు. కొత్త అంతర్జాతీయ బాధ్యతలేవీ సృష్టించడం లేదని అందులోనే రాశారు. అందుకే వీటిని స్వచ్ఛంద మార్గానికి ఆధారంగా చూపిస్తుంటారు. కానీ వాటి వ్యాఖ్యానం ప్రభుత్వాలకు చెప్పింది వేరు. స్వచ్ఛంద చర్యలు, తప్పనిసరి చర్యలు రెండూ తెలివిగా కలిపి వాడమంది. ప్రభుత్వం ఏమీ చేయకుండా ఊరుకోవడమే కంపెనీలకు ఎప్పుడూ ఇష్టమని, లాభమని ప్రభుత్వాలు అనుకోకూడదని కూడా అంది. సూత్రాలను ఉటంకించేవాళ్లు ఈ భాగాన్ని తరచూ వదిలేస్తారు.

స్వచ్ఛంద మార్గం వైపు నిజాయితీగా చెప్పదగిన వాదనలు ఉన్నాయి. చట్టం రావడానికి ఏళ్లు పడుతుంది. హామీ రేపే ఇవ్వొచ్చు. చట్టం పెట్టేది కనీస స్థాయి, మంచి కంపెనీలు అంతకంటే పైకి వెళ్లగలవు. ఎక్కడ ఏ సమస్య ఉందో లోపలివాళ్లకు బాగా తెలుసు, శిక్ష భయం లేకపోతే దాచకుండా చెబుతారు. ఇవి తీసిపారేయాల్సినవి కావు. కానీ ఈ మార్గాన్ని పూర్తిస్థాయిలో పరీక్షించి చూసిన చోటు ఒకటుంది. కోకో.

2001లో అమెరికా ప్రతినిధుల సభ, చాక్లెట్ మీద బాల కార్మికుల ప్రమేయం లేదని చెప్పే లేబుల్ పద్ధతి కోసం ఒక ప్రతిపాదనను ఆమోదించింది. అది చట్టమయ్యేలోపే పరిశ్రమ ముందుకొచ్చి తానే ఒక హామీ పత్రం మీద సంతకం చేసింది. పశ్చిమ ఆఫ్రికా కోకో తోటల్లో అత్యంత దారుణమైన బాల కార్మికతను తొలగించే దిశగా పనిచేస్తామని, అది లేకుండా పండిన కోకోను ధ్రువీకరించే ప్రమాణాలను 2005 కల్లా అమల్లోకి తెస్తామని అందులో ఉంది. లేబుల్ చట్టం ఆగిపోయింది. 2005 వచ్చింది, పని కాలేదు. గడువు 2008కి జరిపారు, ఆ తర్వాత మళ్లీ జరిపారు. చివరికి లక్ష్యాన్నే తగ్గించి, 2020 కల్లా 70 శాతం తగ్గిస్తామన్నారు. 2020లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన నార్క్ పరిశోధన సంస్థ లెక్క ప్రకారం ఐవరీ కోస్ట్, ఘనాల కోకో ప్రాంతాల్లో సుమారు 15.6 లక్షల మంది పిల్లలు ఇంకా కోకో పనిలో ఉన్నారు.

ఇన్ని గడువులు దాటినా ఏ కంపెనీ ఎవరికీ జరిమానా కట్టలేదు, ఎందుకంటే ఆ పత్రంలో అడిగే హక్కు ఎవరికీ లేదు. 2001లో ఆ తోటల్లో ఉన్న పదేళ్ల పిల్లవాడు 2020 నాటికి ముప్పైకి చేరువయ్యాడు. ఇక్కడ ఇంకో నష్టం కూడా ఉంది, అది లెక్కలకు దొరకదు. హామీ ఇచ్చినందువల్ల చట్టం ఆగిపోయింది. స్వచ్ఛంద హామీని నేను అనుమానంగా చూసేది ఇలాంటి సందర్భాల్లోనే.

మంచి కంపెనీకి కూడా ఈ పద్ధతిలో అన్యాయమే జరుగుతుంది. న్యాయమైన ధర ఇచ్చి, తనిఖీలకు ఖర్చు పెట్టి, లోపాల్ని బయటపెట్టే కంపెనీ ఖర్చు పెరుగుతుంది. పక్కవాడు ఏమీ చేయకుండా చవకగా అమ్ముకుంటాడు. 2025 జనవరిలో, కంపెనీల మీద డ్యూ డిలిజెన్స్ బాధ్యత పెట్టే ఐరోపా యూనియన్ చట్టాన్ని నీరుగార్చొద్దని యూనిలీవర్, మార్స్, ఫెరెరో, నెస్లే వంటి కంపెనీలే కోరడం వెనక ఈ లెక్క ఉంది.

ఇష్టపడి కట్టుబడినప్పుడు

2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో రాణా ప్లాజా భవనం కూలింది. ముందు రోజే గోడల్లో పగుళ్లు కనిపించాయి. కింది అంతస్తుల్లోని బ్యాంకూ దుకాణాలూ మూసేశారు. పై అంతస్తుల్లోని బట్టల ఫ్యాక్టరీల కార్మికుల్ని మాత్రం పనిలోకి రమ్మన్నారు. 1,134 మంది చనిపోయారు. ఆ భవనంలోని కొన్ని ఫ్యాక్టరీల్లో కూడా బ్రాండ్ల తరఫున ఆడిట్లు జరిగాయి.

కొన్ని వారాల్లోనే పుట్టిన బంగ్లాదేశ్ అకార్డ్ ఈ చర్చలో నాకు అన్నిటికంటే ఆసక్తికరంగా అనిపించే పత్రం. అందులో చేరమని ఏ చట్టమూ కంపెనీలను బలవంతపెట్టలేదు. చేరడం పూర్తిగా స్వచ్ఛందం. చేరాక మాత్రం అది కట్టుబడి తీరాల్సిన ఒప్పందం. ఒకవైపు బ్రాండ్లు, మరోవైపు ఇండస్ట్రీఆల్, యూనీ అనే అంతర్జాతీయ కార్మిక సంఘాల సమాఖ్యలు సంతకం చేశాయి. స్వతంత్ర ఇంజనీర్లు తనిఖీ చేస్తారు. ఏ ఫ్యాక్టరీలో ఏ లోపముందో జనానికి కనిపించేలా ప్రచురిస్తారు. మరమ్మతుకు డబ్బు సమకూరేలా చూడాల్సిన బాధ్యత బ్రాండ్లది. బ్రాండ్ మాట తప్పితే సంఘాలు ఆర్బిట్రేషన్‌కు (కోర్టు బయట మధ్యవర్తులు తీర్పిచ్చే పద్ధతి) వెళ్లవచ్చు, ఆ తీర్పును కోర్టు ద్వారా అమలు చేయించుకోవచ్చు.

200కు పైగా బ్రాండ్లు చేరాయి. 1,600కు పైగా ఫ్యాక్టరీల్లో తనిఖీలు జరిగాయి, గుర్తించిన లోపాల్లో అత్యధిక భాగం సరిచేశారు. సంఘాలు రెండు బ్రాండ్ల మీద నిజంగానే హేగ్‌లోని పర్మనెంట్ కోర్ట్ ఆఫ్ ఆర్బిట్రేషన్ ద్వారా కేసులు నడిపాయి. 2018లో ఒక బ్రాండ్ 23 లక్షల డాలర్లు ఇచ్చి రాజీ చేసుకుంది, ఆ డబ్బులో చాలా భాగం ఫ్యాక్టరీల మరమ్మతులకు వెళ్లింది. అదే 2013లో ఉత్తర అమెరికా కంపెనీలు కొన్ని ‘అలయన్స్’ పేరుతో వేరే ఏర్పాటు పెట్టుకున్నాయి. దానిలోనూ తనిఖీలు జరిగాయి, కానీ కార్మిక సంఘాలు అందులో ఒప్పందదారులు కావు. హామీ నిలబెట్టమని అడగడానికి అవతలి పక్షం అంటూ లేదు.

ఒక్కోసారి కంపెనీ అనుకోకుండా కూడా కట్టుబడిపోతుంది. తన సరఫరా ఫ్యాక్టరీల గురించి నైకీ చేసిన ప్రకటనలు అబద్ధమంటూ వేసిన కేసులో, 2002లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఆ మాటల్ని వాణిజ్య ప్రకటనల్లాగే పరీక్షించవచ్చని చెప్పింది. తర్వాత ఆ కేసు రాజీ అయింది. జాంబియాలోని న్చాంగా రాగి గని కాలుష్యం వల్ల నష్టపోయిన 1,800కు పైగా గ్రామస్తులు లండన్‌లో ఆ గని మాతృసంస్థ వేదాంత మీద దావా వేశారు. లండన్ కోర్టులో విచారణ జరపొచ్చని బ్రిటన్ సుప్రీంకోర్టు 2019లో తీర్పిచ్చింది. అనుబంధ సంస్థల పర్యావరణ పద్ధతుల మీద తమ పర్యవేక్షణ ఉందని మాతృసంస్థ తన నివేదికల్లోనే రాసుకుంది, కోర్టు దాన్ని ఆధారంగా తీసుకుంది. 2021లో ఆ కేసు రాజీతో ముగిసింది. అలంకారం కోసం రాసిన మాట కోర్టులో సాక్ష్యమయింది. ఇది చూశాక కొన్ని కంపెనీల లాయర్లు నివేదికల్లో తక్కువ రాయమని సలహా ఇస్తారన్నది ఊహించదగిందే. అందుకే బయటపెట్టాల్సిన బాధ్యతను చట్టమే నిర్ణయించాలి.

చట్టాలన్నీ ఒకటి కావు

చట్టం అనగానే దానికి కోరలు ఉంటాయని అనుకోవద్దు. బ్రిటన్ 2015 ఆధునిక బానిసత్వ చట్టం పెద్ద కంపెనీలు ఏటా ఒక ప్రకటన విడుదల చేయాలంటుంది. ‘మేం ఈ ఏడాది ఏ చర్యా తీసుకోలేదు’ అని రాసినా ఆ నిబంధన పాటించినట్టే.

ఫ్రాన్స్ 2017 చట్టం ఇంకో అడుగు వేసింది. ఫ్రాన్స్‌లో 5,000 మంది లేదా ప్రపంచవ్యాప్తంగా 10,000 మంది ఉద్యోగులున్న కంపెనీలు ప్రమాదాలను గుర్తించి, ఆపే ప్రణాళిక తయారు చేసి అమలు చేయాలి. చేయకపోవడం వల్ల నష్టం జరిగితే బాధితులు దావా వేయవచ్చు. కానీ తప్పు కంపెనీది అని, ఆ తప్పు వల్లే నష్టం జరిగిందని నిరూపించాల్సింది బాధితులే. ఉగాండా చమురు ప్రాజెక్టు మీద టోటల్ కంపెనీపై 2019లో వేసిన కేసు, ఏ కోర్టు వినాలన్న వాదనతోనే రెండేళ్లు గడిచి, 2023లో విధానపరమైన కారణాలతో కొట్టివేతకు గురైంది.

జర్మనీ చట్టం 2023లో అమల్లోకి వచ్చింది. దాన్ని అమలు చేసే ప్రభుత్వ కార్యాలయం ఉంది, పెద్ద కంపెనీలకు టర్నోవర్‌లో 2 శాతం దాకా జరిమానా వేసే అధికారం ఉంది. ఆ జరిమానా ప్రభుత్వ ఖజానాకు పోతుంది. బాధితులు కొత్తగా సివిల్ దావా వేసే హక్కు అందులో లేదు. కరాచీ బాధితుల కుటుంబాలకు ఈ చట్టం ముందే ఉన్నా, దాని కింద ఫిర్యాదు చేయగలిగేవాళ్లే తప్ప పరిహారం అడగగలిగేవాళ్లు కారు.

చట్టం వికటించే దారులూ ఉన్నాయి. అమెరికా 2010లో, కాంగో ప్రాంతపు ఖనిజాలు వాడే కంపెనీలు ఆ సంగతి వెల్లడించాలని నిబంధన తెచ్చింది. ఆ తలనొప్పి ఎందుకని చాలామంది కొనుగోలుదారులు ఆ ప్రాంతం నుంచి కొనడమే మానేశారు. చేతులతో తవ్వుకుని బతికే చిన్న గని కార్మికుల ఉపాధి దెబ్బతింది. బ్రాండ్లు చేసే ఇంకో పని, తమ మీద పడిన బాధ్యతనంతా సరఫరాదారుతో ఒప్పందంలో రాయించుకుని చేతులు దులుపుకోవడం. ధర పెంచరు, గడువు సడలించరు, నిబంధనలు మాత్రం పెంచుతారు. దాని భారం చివరికి కుట్టు మిషన్ ముందు కూర్చున్న మనిషి మీదే పడుతుంది. చట్టం సరఫరాదారు ఫ్యాక్టరీతో పాటు బ్రాండ్ కొనే పద్ధతిని కూడా పరీక్షించకపోతే ఇది ఆగదు.

ఐరోపా యూనియన్ 2024లో తెచ్చిన డ్యూ డిలిజెన్స్ ఆదేశం ఈ పాఠాల్లో కొన్నిటిని నేర్చుకుంది. కొనుగోలు పద్ధతుల ప్రస్తావన ఉంది, జరిమానాతో పాటు బాధితులకు సివిల్ దావా హక్కు కూడా మొదట అందులో పెట్టారు. కానీ అమలుకు రాకముందే వెనక్కి నడక మొదలైంది. 2025 డిసెంబర్‌లో కుదిరిన అంగీకారం ప్రకారం, వెయ్యి మంది ఉద్యోగులున్న కంపెనీలకు వర్తించాల్సింది ఇప్పుడు 5,000 మంది ఉద్యోగులు, 150 కోట్ల యూరోల టర్నోవర్ ఉన్నవాటికే వర్తిస్తుంది. అమలు 2029కి జరిగింది. ఐరోపా అంతటా ఒకేలా ఉండాల్సిన సివిల్ బాధ్యత నిబంధనను తీసేశారు. కంపెనీల మీద పేపర్ల భారం తగ్గించడానికే ఇదంతా అన్నారు. ఫారాలు తగ్గించవచ్చు, అందులో అభ్యంతరం లేదు. బాధితుడి దావా హక్కు ఫారం కాదు కదా?

జెనీవాలో ఇంకో ప్రయత్నం నడుస్తోంది. ఈక్వెడార్, దక్షిణాఫ్రికా ముందుండి 2014 జూన్‌లో మానవ హక్కుల మండలి చేత ఒక అంతర్జాతీయ ఒడంబడిక కోసం తీర్మానం చేయించాయి. అనుకూలంగా 20, వ్యతిరేకంగా 14, తటస్థంగా 13 ఓట్లు. భారత్, చైనా అనుకూలంగా ఓటేశాయి, అమెరికా, జపాన్, మండలిలోని ఐరోపా యూనియన్ దేశాలు వ్యతిరేకించాయి. సంతకం చేయని దేశాల మీద ఒడంబడిక పనిచేయదు. పెద్ద కంపెనీల మాతృదేశాలు బయట ఉంటే దాని బలం సగమే. అనుకూలంగా ఓటేసిన దేశాల్లో కొన్నిటికి తమ సొంత కంపెనీల మీద అంత పట్టుదల ఉందా అన్న అనుమానమూ న్యాయమైనదే, ఎందుకంటే ఆ తీర్మానం అడుగున పెట్టిన వివరణ దేశీయ కంపెనీలను పరిధి నుంచి తప్పించింది. చనిపోయిన కార్మికుడి కుటుంబానికి యజమాని విదేశీయుడా స్వదేశీయుడా అన్న తేడా ఏముంటుంది?

అయినా ఆ ముసాయిదాల్లోని ఒక అంశం కోసం ఈ చర్చల్ని గమనిస్తూ ఉండాలంటాను. అది నిరూపణ భారం. ఏ ఫ్యాక్టరీకి ఎన్ని ఆర్డర్లు ఇచ్చారు, తనిఖీలో ఏం తేలింది, తెలిసి కూడా ఎవరు ఊరుకున్నారు అన్న కాగితాలన్నీ కంపెనీ దగ్గరే ఉంటాయి. వేల మైళ్ల దూరంలోని ఒక గ్రామస్తుడు వాటిని సంపాదించి, కంపెనీ తప్పును రుజువు చేయాలనడం, గెలవకుండా ఆపడమే. ఆ భారాన్ని తగిన సందర్భాల్లో కంపెనీ వైపు మార్చే అధికారం కోర్టులకు ఇవ్వాలన్న ప్రతిపాదన ముసాయిదాల్లో వస్తూ ఉంది, ప్రతిసారీ అభ్యంతరాలు ఎదుర్కొంటూ ఉంది. ఒడంబడిక కోసం ఆగకుండా ఏ దేశమైనా తన సివిల్ చట్టంలో ఈ మార్పు ఇప్పుడే చేసుకోవచ్చు. ఐరోపా ఆదేశం నుంచి ఉమ్మడి సివిల్ బాధ్యతను తీసేశాక, ఆ యూనియన్‌లోని ప్రతి దేశపు పార్లమెంటు ముందూ ఇదే నిర్ణయం ఉంది. దావా వేసే గడువు ఎంత, కంపెనీ చేత కాగితాలు బయట పెట్టించే అధికారం ఎవరిది, కార్మిక సంఘాలు బాధితుల తరఫున కోర్టుకు వెళ్లవచ్చా అన్నవి అక్కడ తేలుతాయి.